అంకె పక్కన అక్షరం ఎందుకు?

సంఘం మీటింగులో రుణం కాగితం రాసే ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, “అంకె వేసేశాం కదమ్మా, మళ్లీ అక్షరాల్లో ఎందుకు?” అని. దాని వెనక పెద్ద కథే ఉంది.

నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు. నౌపడ ఉప్పుని మణుగుల్లో తూచిన రోజులవి. పాత తెలుగు లెక్కల్లో భిన్నాలకి వేరే గుర్తులుండేవి. పావుకి ఒక నిలువు గీత, అరకి రెండు, ముప్పావుకి మూడు. పదహారో వంతు, అంటే వీసానికి ఒక అడ్డగీత. రెండు గీస్తే పరక. రాయడం ఎంత సులువో మార్చడమూ అంతే సులువు. పావు పక్కన ఇంకో గీత గీస్తే అర అయిపోయింది! చదువు రాని మనిషి అప్పు కాగితం మీద వేలిముద్ర వేసేది, కలం మాత్రం షావుకారు చేతిలో ఉండేది.

చైనావాళ్లదీ ఇదే బాధ. వాళ్ల ఒకటి అంటే ఒక అడ్డగీత, రెండుకి రెండు, మూడుకి మూడు. ఒకటికి నిలువు గీత తగిలిస్తే పది. పది నెత్తిన చిన్న ఏటవాలు గీత పెడితే వెయ్యి. అందుకే డబ్బు లెక్కలకి గీతలు బాగా ఎక్కువున్న వేరే అక్షరాలు పట్టుకున్నారు. 1385లో ధాన్యం పన్నుల్లో భారీ దొంగతనం బయటపడ్డాక, మింగ్ వంశపు మొదటి చక్రవర్తి సర్కారు లెక్కలన్నీ వాటితోనే రాయమన్నాడని చెబుతారు. ఇప్పటికీ అక్కడ చెక్కుల మీద అవే. ఇటలీలో ఫ్లారెన్సు డబ్బు మార్పిడి వ్యాపారుల సంఘమైతే 1299లో, ఖాతాల్లో అంకెలు వద్దు, మాటల్లోనే రాయండి అంది. ఆ అంకెలు మన దేశం నుంచి అరబ్బుల ద్వారా వెళ్లినవే మరి!

మనకి వేరే అక్షరాలు లేవు, మాటే కాపలా. ప్రోనోటులో “అక్షరాలా” అని రాసేది అందుకే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, సెక్షన్ 18 ప్రకారం చెక్కులో గానీ ప్రోనోటులో గానీ అంకె ఒకటి, మాట ఒకటి ఉంటే మాటలో ఉన్నదే లెక్క. 5,000 ముందు ఒకటి చేర్చి 15,000 చేసినా, పక్కన “ఐదు వేలు” అని ఉంటే ఆ ఎత్తు పారదు.

తెలుగు మాటకి తనదైన తాళం కూడా ఉంది. “వంద” ముందు ఐదు చేరిస్తే “వందలు” కావాలి, “వెయ్యి” అయితే “వేలు” కావాలి. దిద్దితే తెలిసిపోతుంది. కానీ అన్ని మాటలూ అంత గట్టివి కావు. “పది” తర్వాత ఖాళీ వదిలితే “పదిహేను” చెయ్యొచ్చు. “ఐదు వేలు” ముందు ఖాళీ ఉంటే “ఇరవై” దూరుతుంది. అందుకే గీత అంచు నుంచే మొదలెట్టి, చివర “మాత్రమే” అని రాసి, మిగిలిన చోటు కొట్టేస్తాం.

అన్నిటికంటే ప్రమాదం ఖాళీ కాగితం. అదే చట్టం సెక్షన్ 20 చూడండి. స్టాంపు ఉన్న ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేస్తే, పుచ్చుకున్నవాళ్లు ఆ స్టాంపు సరిపోయే మొత్తం దాకా ఎంతైనా నింపుకోవచ్చు. అక్కడ దిద్దాల్సిన అంకే లేదు, అడ్డుకోవడానికి మాటా లేదు. బయట వడ్డీకి తెచ్చుకునే అక్కచెల్లెళ్లు ఇప్పటికీ ఇలాంటి కాగితాల మీద సంతకాలు పెట్టి వస్తున్నారు.