పాంటియాక్ గోదాలో పండ్రెండు పోరాటములు

అమెరికా దేశమున మిషిగన్ రాష్ట్రములో, డెట్రాయిట్ నగరమునకు వాయవ్యముగా పాంటియాక్ అను పట్టణము కలదు. మోటారు కార్ల పరిశ్రమతో పెరిగి, ఆ పరిశ్రమతోనే తరిగిన ఆ పట్టణమున 1975లో సిల్వర్‌డోమ్ అను మహాక్రీడాశాల వెలసెను. దాని పైకప్పునకు స్తంభములు లేవు, దూలములు లేవు. లోపలి గాలి ఒత్తిడియే ఎత్తి నిలిపిన తెల్లని పొర అది. పగటి వెలుగు ఆ పొరగుండ వడగట్టినట్లు లోనికి దిగుచుండెడిది. 1987 మార్చి 29వ తేది ఆదివారమున ఆ మెత్తని వెలుగులో ప్రారంభమై, అది మాసిపోయిన పిమ్మట దీపకాంతిలో ముగిసిన మల్లప్రదర్శనకు మూడవ రెసిల్‌మేనియా యని పేరు. వచ్చిన జనము 93,173 మంది యని నిర్వాహకులు ప్రకటించిరి. అంతకు చాల తక్కువయని లెక్కలు తీసి వాదించినవారును కలరు. ఏ లెక్క పట్టుకొన్నను, కుస్తీ చూచుటకై ఒక కప్పు క్రింద అంతమంది చేరుట అదివరకెన్నడును జరుగలేదు.

ఆనాటి ప్రదర్శనను స్మరించువారెల్లరు చిట్టచివరి పోరాటమునే స్మరింతురు; హల్క్ హోగన్ అను జననాయకుడు ఆంద్రే అను మహాకాయుని పైకెత్తి పడవైచిన క్షణమే ఆ సాయంకాలమునకు సారమని తృప్తి చెందుదురు. ఆ క్షణము గొప్పదే. కాని పండ్రెండు పోరాటములను వరుసగా చూచినవారికి అందులో ఇంకొక చరిత్ర కన్పట్టును: ఊరూర గోదాలు కట్టుకొని తరతరములుగా బ్రతికిన ఒక వృత్తి, ఆ గోదాలను విడిచి ఒకే టెలివిజన్ తెర మీదికి చేరుటయు, ఆ చేరికలో అది పొందినదియు, పోగొట్టుకొన్నదియు.

1948 మొదలుకొని ఆ దేశపు కుస్తీ ప్రమోటర్లు నేషనల్ రెసిలింగ్ అలయన్స్ అను సంఘముగా ఏర్పడి, దేశమును సీమలుగా పంచుకొని, ఒకరి సీమలో వేరొకరు కాలు మోపరాదను కట్టుబాటుతో వ్యాపారము నడపుకొనిరి. తరువాతి కాలమున సంఘమునుండి విడివడినవారును ఆ ఎల్లలను చాలవరకు మన్నించిరి. మినియాపొలిస్‌లో వెర్న్ గాన్యే, నార్త్ కరోలినాలో క్రాకెట్ కుటుంబము, కెనడాలోని కాల్గరీ నగరమున స్టూ హార్ట్, లూసియానా ప్రాంతమున బిల్ వాట్స్ — ఇట్లు ఒక్కొక్క సీమకు ఒక్కొక్క ఏలిక, ఒక్కొక్క స్థానిక టెలివిజన్ కార్యక్రమము, తమవారైన వీరులు, తమవారైన ఖలులు. న్యూయార్కు సీమను ఏలిన పెద్ద మక్‌మాన్ ఆ కట్టుబాటును గౌరవించెను. 1982లో తండ్రివద్ద సంస్థను కొనిన విన్స్ మక్‌మాన్ గౌరవింపలేదు. కేబుల్ టెలివిజన్ రాష్ట్రముల ఎల్లలను చెరిపివేయుచున్నదని గ్రహించి, సీమ సీమకు పోయి అచ్చటి ఉత్తమ మల్లులను వేతనముల ఆశ చూపి తెచ్చుకొనెను. పాంటియాక్ పట్టికలోని పేర్లు ఆ సీమల పటమే.

ఫలితములు ముందుగా నిర్ణయింపబడిన ఈ మల్లయుద్ధము యుద్ధమెట్లగునని కొందరు ప్రశ్నింతురు. భామాకలాపమునకు కూర్చున్న ప్రేక్షకునికి కృష్ణుడు తుదకు సత్యభామ చెంతకు రాగలడని తెలియనిదా? వచ్చువరకు జరుగు దానికొరకే ఆతడు తెల్లవారుదాక మేల్కొనును. ఇచ్చటను ప్రాణము ఆ జరుగుదానియందే కలదు. పైగా పడిన దెబ్బ పాత్రకు కాక నటుని వెన్నెముకకే తగులును.

డెట్రాయిట్‌లో పెరిగిన మహాగాయని అరీతా ఫ్రాంక్లిన్ దేశభక్తిగీతమాలపించి సభను ప్రారంభించెను. గోరిల్లా మాన్సూన్, జెస్సీ వెంచురా వ్యాఖ్యాతలు. ప్రవేశద్వారమునుండి రింగువరకు దూరము మిక్కుటమగుటచే, మల్లులను మోయుటకు రింగు ఆకారముననే చిన్న మోటారు బండ్లను నిర్మించిరి. వానిపై నిలుచుండి జనసముద్రము నడుమ వచ్చువారిని చూచినచో ఊరేగు ఉత్సవమూర్తులే మనసున మెదలుదురు.

మొదటి పోరాటమున రిక్ మార్టెల్, టామ్ జెంక్ అను యువకులు బాబ్ ఆర్టన్, డాన్ మురాకోలను ఐదారు నిమిషములలో ఓడించిరి. మార్టెల్ అంతకు కొంతకాలము ముందు గాన్యే సీమలో ప్రపంచ విజేతగా వెలుగొందినవాడు. ఇచ్చట ఆతడు తెర యెత్తువాడాయెను. రెండవదానిలో ఒరెగాన్ వాసి బిల్లీ జాక్ హేన్స్, హెర్క్యులస్ — వెనుకనుండి చంకలక్రిందుగా చేతులు దూర్చి మెడపై వ్రేళ్లు పెనవేయు పట్టు ఎవరిది బలమైనదో తేల్చుకొనబూనిరి. రిఫరీ లెక్క ముగియులోపల ఇరువురును రింగులోనికి తిరిగి రాకపోవుటచే ఏదియు తేలలేదు. పిదప హెర్క్యులస్ ఇనుపగొలుసుతో కొట్టగా హేన్స్ నుదుట నెత్తురు కారెను.

మూడవ పోరాటము నాకు చూడ మనసొప్పదు. కింగ్ కాంగ్ బండీ అను స్థూలకాయుడు ఒక పక్షమునను, హిల్‌బిల్లీ జిమ్ అను ఆజానుబాహుడు వేరొక పక్షమునను, చెరి ఇద్దరు మరుగుజ్జు మల్లులతో దిగిరి. వారిలో ఏండ్ల తరబడి ఆ వృత్తిలో నలిగిన లిటిల్ బీవర్ అను క్యూబెక్ వాసిని బండీ ఎత్తి పడవైచి, తన మోచేతి భారమంతయు అతనిపై మోపెను. రిఫరీ బండీ పక్షమును అనర్హముగా ప్రకటించెను. బండీకి తోడుగా వచ్చిన ఇద్దరు మరుగుజ్జులు సైతము అతనిని వదలి, పడినవానికి అడ్డముగా నిలిచిరి. సంతలలో వికృతవినోదముగా పుట్టిన నాటి పాపము ఈ వృత్తిని అప్పటికిని వదలలేదని ఈ ఘట్టము తెలుపుచున్నది. అడ్డుగా నిలిచిన ఆ ఇద్దరి ఔదార్యమే అందు చూడదగినది.

నాల్గవది కళాదృష్టికి సామాన్యము, చరిత్రదృష్టికి అసామాన్యము. ప్రాత సంఘమున ఏడు పర్యాయములు ప్రపంచ విజేతయై, కాన్సాస్ సిటీ సీమలో భాగస్వామియై, ఆ సీమ కూలుటచే స్వార్జితము నష్టపోయిన హార్లీ రేస్ ఇచ్చట కిరీటము ధరించి, రాజవేషమున వచ్చెను. ప్రత్యర్థి జంక్‌యార్డ్ డాగ్, న్యూ ఆర్లియన్స్ నగరమున బిల్ వాట్స్ గోదాలకు వేలకొలది జనమును రప్పించిన నల్లజాతి వీరుడు. దక్షిణాది రాష్ట్రములలో ఒక నల్లజాతి మల్లుని ఒక సీమకంతకును ప్రధాన నాయకునిగా నిలుపుట ఎంతటి సాహసమో ఆ దేశచరిత్ర తెలిసినవారికి చెప్పనక్కరలేదు. అట్టి యిరువురు, ఓడినవాడు గెలిచినవానికి మోకరిల్లవలెనను పందెముతో, నాలుగైదు నిమిషములు మించని ఆట ఆడి వెడలిరి. రేస్ గెలిచెను, డాగ్ వంగి నమస్కరించి, వెంటనే కుర్చీతో మోది రాజవస్త్రము తాను కప్పుకొని పోయెను. తమ తమ సీమలలో గంటసేపు జనమును కూర్చుండబెట్టగల వీరికి ఇచ్చట దొరకినది కొన్ని నిమిషములే. టెలివిజన్ తూనికకు సమయమే రాయి.

మాంట్రియల్ సోదరులైన రూజోలను గ్రెగ్ వాలెంటైన్, బ్రూటస్ బీఫ్‌కేక్‌లు గెలిచిన ఐదవ ఆట, తరువాతిదానికి పీఠికగా మాత్రమే పనికివచ్చినది. బీఫ్‌కేక్‌ను అతని పక్షమువారే విడనాడి పోయిరి. ఆరవదానిలో రాడీ పైపర్, ఏడ్రియన్ ఎడోనిస్ జుట్టు పందెముగా పోరాడిరి. సినిమాలకై కుస్తీ విడుచుచున్నానని పైపర్ ప్రకటించియుండుటచే, ఏండ్లకొలది ఆతనిని తిట్టిన జనమే ఆనాడు నిలుచుండి జేకొట్టిరి. ఎడోనిస్ మెడపట్టు బిగించి, పైపర్ చేయి జారుటతోనే గెలిచితినని తొందరపడి విడిచెను. బీఫ్‌కేక్ వచ్చి పైపర్‌ను లేపెను. అదే పట్టు ఈసారి ఎడోనిస్ మెడకు చుట్టుకొనెను. క్షురకర్మ బీఫ్‌కేక్ చేతిమీదుగా జరిగెను. ఎడోనిస్ పదునైదు నెలలు దాటిన కొలదిదినములకే, 1988 జూలై 4న, న్యూఫౌండ్‌లాండ్ దారిలో వాహనప్రమాదమున మరణించెను. ఊరినుండి ఊరికి రాత్రింబవళ్లు సాగు ఈ వృత్తిలో దారియే పలువురి పాలిటి మృత్యువు.

ఏడవ పోరాటమున కాల్గరీ నగరపు స్టూ హార్ట్ శిక్షణాలయము రెండు వైపులను నిలిచినది. బ్రెట్ హార్ట్, జిమ్ నైడ్‌హార్ట్ ఒకవైపు. బ్రిటిష్ బుల్‌డాగ్స్ అను జంట టిటో సంతానాతో కలిసి మరొకవైపు. జంటలో డైనమైట్ కిడ్ మెరుపువంటి మల్లుడు. అంతకు మూడు నెలల ముందు అతని వెన్నెముక దెబ్బతినెను. అతని కదలికలోని బిగువు, వంగునప్పటి జాగ్రత్త, ఆ పరిజ్ఞానముతో చూచినచో హృదయవిదారకముగ నుండును. హార్ట్ పక్షమున దిగిన, పక్షపాతియైన మాజీ రిఫరీ డానీ డేవిస్ మెగాఫోనుతో మోది గెలుపు దొంగిలించెను. కోకో వేర్‌ను బుచ్ రీడ్ ఓడించిన ఎనిమిదవది కన్నుమూసి తెరచునంతలో ముగిసెను.

తొమ్మిదవదానికొరకే ఈ ప్రదర్శనను నేటికిని చూడవలెను. ఇంటర్‌కాంటినెంటల్ విజేత ర్యాండీ సావేజ్, క్రాకెట్ సీమలో పేరు గడించిన రికీ స్టీమ్‌బోట్ అందు ప్రత్యర్థులు. 1986 చివరిలో సావేజ్ ఇనుప గంటతో స్టీమ్‌బోట్ కంఠము చిదిమినట్లు కథ; ఆ గంట ఆనాడును రింగుప్రక్కనే యుండెను. సాధారణముగా మల్లులు ముగింపు మాత్రమే నిశ్చయించుకొని, మిగిలినది జనము నాడిని బట్టి, పట్టులో నున్నప్పుడు చెవిలో చెప్పుకొనుచు అల్లుకొందురు. సావేజ్ అట్లు కాదు. ప్రతి పట్టును, ప్రతి పల్టీని వరుససంఖ్యలతో వ్రాసి, ఇరువురును ఒకరినొకరు పరీక్షించుకొని కంఠస్థము చేసిరి. ప్రాతకాలపు వస్తాదులకు ఇది వృత్తిధర్మమునకు విరుద్ధముగా తోచెను. అయినను ఫలితము చూడుడు: పదునాలుగు నిమిషములకు పైగా ఒక్క వ్యర్థపుటడుగు లేదు, భుజములు నేలనంటి, రిఫరీ రెండు లెక్కించి, మూడవ అరచేయి దిగులోపల లేచిన క్షణములు ఒకదాని వెంట నొకటి వచ్చి, ప్రతిసారియు అంతటి జనము ఒక్క గొంతుతో ఊపిరి విడిచినట్లు వినబడును. తుదకు సావేజ్ గంట చేపట్టగా, స్టీమ్‌బోట్‌కు తోడుగా వచ్చిన జార్జ్ స్టీల్ అడ్డగించి అతనిని పైతాటినుండి త్రోసివేసెను. లేచిన సావేజ్ స్టీమ్‌బోట్‌ను ఎత్తబోవ, స్టీమ్‌బోట్ అతనిని ముద్దగా చుట్టి చిత్తు చేసెను. రెండు నెలలు దాటిన కొలదిదినములకే స్టీమ్‌బోట్ ఆ బిరుదును కోల్పోయెను. కాని తరువాతి తరపు మల్లులలో ఈ పోరాటమును చూచి చూచి విద్య నేర్చినవారు పెక్కురు.

పదియవదానిలో డెట్రాయిట్‌లోనే పుట్టిన గాయకుడు ఆలిస్ కూపర్ అండ నున్నను, పామును సంచిలో మోయు జేక్ రాబర్ట్స్ తాళ్లు పట్టుకొన్న మోసమున హాంకీ టాంక్ మాన్ చేతిలో ఓడెను. పదునొకండవదానిలో ఐరన్ షేక్, నికోలాయ్ వోల్కాఫ్ అనర్హతవలన గెలిచిరి. ఈ ఐరన్ షేక్ ఇరాన్ దేశమున నిజమైన కుస్తీ నేర్చినవాడు. 1984 జనవరిలో హోగన్‌కు ప్రపంచ బిరుదు అప్పగించి, ఈ మహాసౌధమునకు పునాదిరాయి వేసినవాడు అతడే.

ఇక పండ్రెండవది. 1946లో ఫ్రాన్సు దేశపు పల్లెలో జన్మించిన ఆంద్రే రూసిమాఫ్, శరీరమున పెరుగుదల ఆగని వ్యాధివలన మహాకాయుడైనవాడు. పెద్ద మక్‌మాన్ ఆతనిని ఏ సీమలోను చిరకాలముంచక, వారమో రెండు వారములో చూపి, కొత్తదనము తరుగకముందే పై సీమకు పంపుచుండెను. పదునైదేండ్లుగా ఓటమి యెరుగడని, ఎవరును ఎత్తి పడవేయలేదని ఆనాడు చాటిరి. 1984లో మెక్సికోలో కానెక్ చేతను, 1986లో జపానులో ఇనోకీ చేతను ఆతడు ఓడెను. 1980లో హోగనే ఆతనిని ఎత్తియుండెను. ఒక సీమ వార్త వేరొక సీమకు తెలియని ప్రాతకాలపు మరపే ఆ చాటింపును నమ్మదగినదిగా చేసినది. ఏ వ్యవస్థను విన్స్ మక్‌మాన్ కూల్చెనో, ఆ వ్యవస్థ కూడబెట్టిన ధనమునే ఆ రాత్రి ఖర్చుపెట్టెను.

ఆంద్రేకు అంతకుముందే వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగెను. నల్లని దుస్తుల క్రింద నడుముకట్టు ధరించి వచ్చెను. హోగన్ మొదటి క్షణముననే ఎత్తబోయి, బరువు తాళక క్రిందపడెను. ఆంద్రే అతనిపై పడెను. మూడు లెక్క పూర్తియైనదా లేదా యను సందేహము అక్కడనే పుట్టినది. పిదప ఆటయంతయు మందగతి. ఆంద్రే హోగన్‌ను నడుమున చేతులు చుట్టి నలిపివేయుచు నిలుచుండిన సుదీర్ఘమైన పట్టు, విశ్రాంతికొరకే పట్టినదని తెలిసినవారు నవ్వుదురు. ఆ మనుష్యుడు నిలుచుటయే ఒక యుద్ధమని తెలిసినవారు నవ్వజాలరు. తుదకు హోగన్ దెబ్బకు ఆంద్రే తొలిసారి నేలకొరిగెను, లేచెను, హోగన్ ఎత్తెను, పడవైచెను, కాలితో మోదెను. పండ్రెండు నిమిషములకు ఆట ముగిసెను. ఎత్తబడువాడు సహకరింపనిచో అంతటి దేహమును ఏ మానవుడును ఎత్తలేడు. నొప్పితో ఊగు వెన్నుతో, తన చేతులారా తన కీర్తిని ఒక చిన్నవానికి ధారపోసిన ఆంద్రేయే ఆ రాత్రి నాకు మహామల్లుడు.

కొన్ని దినములకే, ఏప్రిల్‌లో, బిల్ వాట్స్ తన సంస్థను క్రాకెట్లకు అమ్మెను. 1988లో క్రాకెట్లు టెడ్ టర్నర్‌కు అమ్మిరి. గాన్యే గోదా 1991లో మూతబడెను. 1989లో న్యూజెర్సీ శాసనకర్తల యెదుట మక్‌మాన్ సంస్థవారు తమది పోటీ కాదు, వినోదమేయని ఒప్పుకొని, క్రీడాసంఘపు సుంకములనుండి విముక్తి కోరిరి. 1990లలో కేబుల్ తీగల వెంబడి ఆ వినోదము మన తెలుగు పట్టణములకును వచ్చి, బడిపిల్లల చేతులలో మల్లుల బొమ్మల ట్రంపు కార్డులై తిరిగెను. ఆంద్రే 1992 డిసెంబరువరకు జపానులో రింగుతాళ్లను ఊతగా పట్టుకొని ఆడుచునే యుండెను. మరుసటి జనవరిలో, తండ్రి అంత్యక్రియలకై ఫ్రాన్సు వెళ్లినవాడు, పారిస్ నగరమున మరణించెను.