అండమాన్ దారిలో గాలి లెక్క

అండమాన్, నికోబార్ దీవుల్లో పనిచేసిన ఏ ఫౌజీని అడిగినా ఒక మాట తప్పకుండా చెబుతాడు. “ఎండ చక్కగా కాస్తోంది, అయినా వెదర్ బాగోలేదని కొరియర్ క్యాన్సిల్ చేశారు.” ఇంకో మాట కూడా చెబుతాడు. “విమానంలో సీట్లు ఖాళీగా ఉన్నాయి, అయినా లీవ్ పార్టీని ఎక్కించుకోలేదు.” తాంబరంలో గానీ పోర్ట్ బ్లెయిర్‌లో గానీ బెడ్డింగు మీద కూర్చుని రోజులు లెక్కపెట్టిన వాళ్లకి ఈ రెండూ అన్యాయంగానే కనిపిస్తాయి. నేను పైలట్‌ని కాదు, వాతావరణ శాఖ మనిషినీ కాదు. ఆర్మీలో లోడు తూచి, మానిఫెస్టు రాసి, విమానానికి అప్పజెప్పే పని కొన్నేళ్లు చేశాను. ఆ పనిలో ఉండగా అడిగి తెలుసుకున్నవీ, తర్వాత చదివినవీ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను. ఈ దీవులకి విమానం పంపడం వెనక ఉన్న లెక్క ఎలా పుట్టిందో, ఎందుకంత కఠినంగా ఉంటుందో మన సంఘ సభ్యులకు తెలియడం అవసరమని నా అభిప్రాయం.

ముందుగా ఒక మాట. 2024లో కేంద్ర ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురం అని మార్చింది. పాత సంగతులు ఎక్కువగా రాస్తున్నాను గనుక పాత పేరే వాడుతున్నాను.

మద్రాసు నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,370 కిలోమీటర్లు, అంటే 740 నాటికల్ మైళ్లు. కలకత్తా నుంచి సుమారు 1,300 కిలోమీటర్లు. మన విశాఖ నుంచి దాదాపు 1,200. ఈ దూరాలు పెద్దవేమీ కావు, ఢిల్లీ నుంచి హైదరాబాదు కూడా ఇంచుమించు అంతే. కానీ ఢిల్లీ నుంచి హైదరాబాదు వచ్చే విమానానికి దారిలో భోపాల్, నాగపూర్ ఉన్నాయి. అండమాన్ దారిలో ఏముంది? నీళ్లు.

ఈ సముద్రపు వాతావరణం గురించి మొదట గట్టిగా పట్టించుకున్నది ఓడలవాళ్లు. ఆ కథలోనూ సైనికులే ఉన్నారు. 1844 నవంబరులో బ్రిటన్, రన్నీమీడ్ అనే రెండు ఓడలు బ్రిటిష్ పటాలాలను ఎక్కించుకుని కలకత్తా వస్తున్నాయి. ఒకటి సిడ్నీ నుంచి, ఒకటి ఇంగ్లండు నుంచి. రెండూ ఒకే తుఫానులో చిక్కుకున్నాయి. ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. తుఫాను ఆ రెండింటినీ పోర్ట్ బ్లెయిర్‌కి ఈశాన్యాన ఉన్న జాన్ లారెన్స్ దీవి మీదికి ఎత్తి, మడచెట్ల మధ్యన పడేసింది. తెల్లారి చూస్తే పక్కపక్కనే రెండు ఓడలు, ఆడవాళ్లు, పిల్లలతో సహా ఆరు వందల మందికి పైగా జనం. దాదాపు అందరూ బతికి బయటపడ్డారు.

కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఇలాంటి తుఫానుల్లో చిక్కిన ఓడల లాగ్ పుస్తకాలు తెప్పించి, ఏ గంటకు గాలి ఏ దిక్కున వీచిందో పటాల మీద గుర్తులు పెట్టేవాడు. ఈ అండమాన్ తుఫానును కూడా అలాగే పరిశీలించాడు. గాలి సుడి తిరుగుతూ కదులుతుందని నావికులకు అర్థమయ్యేలా 1848లో ఒక పుస్తకం వేశాడు. చుట్టచుట్టుకున్న పాము అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి ఆయన చేసిన పేరే “సైక్లోన్”. 1789లో మన కాకినాడ దగ్గరి కోరంగిని ముంచేసిన ఉప్పెన గురించి కూడా అదే పుస్తకంలో రాశాడు. కోరంగికీ అండమాన్‌కీ మధ్య సంబంధాన్ని మనకంటే ముందు ఆయన చూశాడన్నమాట. ఆ సంబంధం సంగతికి మళ్లీ వస్తాను.

విమానాల కథ యుద్ధంతో మొదలైంది. 1942 మార్చి 23న జపాన్ వాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో దిగారు. దీవుల జనం చేత బలవంతంగా వెట్టి చేయించి పోర్ట్ బ్లెయిర్‌లోనూ, కార్ నికోబార్‌లోనూ రన్‌వేలు వేయించారు. పోర్ట్ బ్లెయిర్‌ రన్‌వే లంబా లైన్ అనే చోట ఉంది. నేతాజీ సుభాష్ చంద్రబోస్ 1943 డిసెంబరు 29న విమానంలో వచ్చి దిగింది పోర్ట్ బ్లెయిర్‌లోనే. ఆ రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా లేవు. మనం ఇవాళ దిగే రన్‌వేల పుట్టుక మాత్రం అది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం కలకత్తా నుంచి వచ్చే ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం రంగూన్‌లో దిగి, ఇంధనం పోసుకుని, అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చేది. మన దేశంలోని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పరాయి దేశం మీదుగా! రంగూన్ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాదాపు 700 కిలోమీటర్లే. అక్కడ ఇంధనం నింపుకుంటే, పోర్ట్ బ్లెయిర్ మీద మబ్బు కమ్మినా వెనక్కి వెళ్లడానికి సరిపోతుంది. చుట్టుదారి పట్టడంలో అసలు కిటుకు ఇదే.

ఇక్కడే లీవ్ పార్టీ ఖాళీ సీట్ల సంగతి కూడా తేలుతుంది. దీవికి వెళ్లే విమానం వెళ్లడానికి సరిపడా ఇంధనంతో బయల్దేరితే చాలదు. అక్కడ దిగడం కుదరకపోతే ఇంకో చోటికి వెళ్లి దిగడానికి కూడా ఉండాలి. దగ్గరలో తగిన రన్‌వే లేకపోతే ఆ “ఇంకో చోటు” బయల్దేరిన ఊరే అవుతుంది. వెయ్యి లీటర్ల విమాన ఇంధనం సుమారు 800 కిలోలు తూగుతుంది. సామానుతో సహా ఒక జవానును వంద కిలోలు అనుకుంటే, అది ఎనిమిది మంది బరువు. వాతావరణం అనుమానంగా ఉన్న రోజున ఇంకో వెయ్యి లీటర్లు ఎక్కించమంటే మానిఫెస్టులోంచి ఎనిమిది పేర్లు కొట్టేయాలి. సీటు ఖాళీగానే ఉంటుంది, దాని బరువు మాత్రం ట్యాంకులో ఉంటుంది. ఆ పేర్లు కొట్టేసినప్పుడు నేను విన్న తిట్లు ఈ సంచికలో రాయదగినవి కావు.

దీనికో సూత్రం ఉంది. మన గుణింతం చాలు. 740 నాటికల్ మైళ్ల దారి అనుకోండి. విమానం వేగం గంటకు 240 నాట్లు. ఎదురుగాలి 20 నాట్లు. రిజర్వు పక్కన పెట్టగా ఐదు గంటలకు ఇంధనం ఉంది. వెళ్లేటప్పుడు వేగం 220, తిరిగొచ్చేటప్పుడు 260. ఐదును 260తో గుణించి, రెండు వేగాల మొత్తం 480తో భాగిస్తే 2 గంటల 42 నిమిషాలు వస్తుంది. అప్పటికి విమానం సుమారు 596 మైళ్లు పోయి ఉంటుంది. అదే “పాయింట్ ఆఫ్ నో రిటర్న్”. అది దాటితే వెనక్కి రావడానికి ఇంధనం చాలదు. పోర్ట్ బ్లెయిర్ ఇంకా 144 మైళ్లు, అంటే సుమారు 40 నిమిషాలు ఉంది. అక్కడ 40 నిమిషాల తర్వాత వాతావరణం ఎలా ఉంటుందో కెప్టెన్ ఇక్కడే, సముద్రం మీదే తేల్చుకోవాలి.

ఎదురుగాలి కాక వెనకగాలి ఉంటే? పైకి చూస్తే లాభమే అనిపిస్తుంది. అదే 20 నాట్ల వెనకగాలితో లెక్క వేసి చూడండి, మళ్లీ 596 మైళ్లే వస్తుంది. పోయేటప్పుడు గాలి ఇచ్చింది వచ్చేటప్పుడు వసూలు చేసుకుంటుంది. గాలే లేకపోతే 600. కాబట్టి గాలి ఏ వైపుదైనా ఆ బిందువు దగ్గరికే జరుగుతుంది. ఇంజను చెడితే ముందుకు పోవాలా వెనక్కి రావాలా అనే లెక్క వేరు. ఎదురుగాలిలో ఆ గీత సగం దారి 370 దగ్గర ఉండదు, 401 మైళ్ల దగ్గర ఉంటుంది. సగం దారి దాటాం గదా ముందుకే పోదాం అనుకుంటే తప్పన్నమాట.

సివిల్ విమాన సంస్థల్లో ఈ లెక్కలన్నీ వేసే ఉద్యోగిని ఫ్లైట్ డిస్పాచర్ అంటారు. అమెరికాలో 1938 చట్టంతో ఈ ఉద్యోగానికి లైసెన్సు, బాధ్యత వచ్చాయి. మన దేశంలో డీజీసీఏ ఆమోదం ఉండాలి. సైనిక విమానాలకు ఆ పనిని బేస్ ఆప్స్, మెట్ ఆఫీసు, విమాన కెప్టెన్ పంచుకుంటారు. వాళ్ల ముందు రెండు రకాల కాగితాలు ఉంటాయి. మెటార్ అనేది ఇప్పుడు అక్కడ ఎలా ఉందో చెప్పే రిపోర్టు. టాఫ్ అనేది రాబోయే గంటల అంచనా. టాఫ్‌లో “టెంపో” అనే మాట వస్తుంది. ఫౌజీలకు టెంపో అంటే బండి. అక్కడ మాత్రం ఒక్కోసారి గంటలోపు ఉండిపోయే మార్పు అని అర్థం. అండమాన్ వానలు చాలావరకు ఈ రకమే. తాంబరంలో ఎండ కాస్తున్నా, పోర్ట్ బ్లెయిర్‌లో కూడా ఎండ కాస్తున్నా, దిగే సమయానికి ఉరుముల టెంపో ఉందని రాస్తే లెక్క మొత్తం మారిపోతుంది. ఎండ ఉన్నా ఎందుకు క్యాన్సిల్ అన్నదానికి జవాబు తరచుగా ఆ ఒక్క మాటలో ఉంటుంది.

పైగాలుల కోసం పోర్ట్ బ్లెయిర్‌ వాతావరణ కేంద్రం బెలూన్లు వదులుతుంది. ప్రపంచ పట్టికలో ఈ కేంద్రం నంబరు 43333. ఆ వేళ బెలూన్ ఎగరకపోతే బంగాళాఖాతం నడుమన గాలి ఎంతో చెప్పడానికి చుట్టుపక్కల ఇంకో బెలూన్ దొరకడం కష్టం.

ఈ పైగాలుల చరిత్రలో మన తెలుగాయన ఒకరున్నారు. పి. కోటేశ్వరం గారు. భారత వాతావరణ శాఖకు 1969 నుంచి 1975 దాకా అధిపతి. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ భారతం మీదుగా, దాదాపు 14, 15 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి పడమరకు ఒక గాలి నది పారుతుందని ఆయన 1958లో శాస్త్రీయంగా వివరించారు. ట్రాపికల్ ఈస్టర్లీ జెట్ అంటారు. మద్రాసు–పోర్ట్ బ్లెయిర్ దారి సరిగ్గా దాని కిందే ఉంది. దీనివల్ల ఒక తమాషా ఉంది. జూలైలో కింద నైరుతి గాలి తూర్పుకు పోయేవాడిని వెనక నుంచి తోస్తుంది. ఎత్తున పోయే జెట్ విమానానికి మాత్రం అదే రోజు, అదే దారిలో ఎదురుగాలి. మన ఏఎన్-32లు ఎగిరే ఆరేడు కిలోమీటర్ల ఎత్తున ఈ రెండు గాలులూ మారే చోటు. అందుకే ఒక విమానం లెక్క ఇంకో విమానానికి పనికిరాదు.

దిగేటప్పుడు ఇంకో చిక్కు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక్కటే రన్‌వే. ఒక పక్క గుట్టలు ఉండటంతో మామూలుగా నైరుతి వైపు నుంచి వచ్చి దిగుతారు. నైరుతి రుతుపవనాల్లో గాలి కూడా అటు నుంచే వస్తుంది. విమానం ఎప్పుడూ ఎదురుగాలిలో దిగాలి గదా, ఇక్కడ వెనకగాలితో దిగాల్సి వస్తుంది. జెట్ విమానాలకు వెనకగాలి పరిమితి సాధారణంగా 10 నుంచి 15 నాట్లు. అది దాటితే వాన చుక్క లేకపోయినా, రన్‌వే కళ్ల ముందు కనబడుతున్నా తిరిగి పోవాల్సిందే. లోపల కూర్చున్నవాళ్లకు ఇది ఎంత చెప్పినా ఎక్కదు.

ఇప్పుడు కోరంగి సంబంధం. అండమాన్ దగ్గర పుట్టిన తుఫాను మూడు నాలుగు రోజుల్లో మన తీరానికి చేరడం మామూలే. 2013 నవంబరులో లెహర్ తుఫాను పోర్ట్ బ్లెయిర్ దగ్గర దీవులను దాటి, బలహీనపడి, 28న మచిలీపట్నం దగ్గర తీరం చేరింది. 2014లో హుద్‌హుద్ అలా బలహీనపడలేదు. అక్టోబరు 8న అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్ దగ్గర దాటింది, 12న విశాఖను కొట్టింది. విశాఖ విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయి కొన్ని రోజులు మూతపడింది. విమాన ప్రణాళిక వేసేవాడి కళ్లతో చూడండి. సోమవారం గమ్యం మూత, శుక్రవారం ప్రత్యామ్నాయం మూత, మధ్యలో సముద్రమంతా మేఘాలు.

మేఘాలే కాదు. పోర్ట్ బ్లెయిర్‌కి ఈశాన్యాన బారెన్ దీవిలో 1991 నుంచి మళ్లీ మేలుకున్న అగ్నిపర్వతం ఉంది. దాని బూడిద కబురు ఆస్ట్రేలియాలోని డార్విన్ కేంద్రం నుంచి రావాలి. మన శ్రీహరికోట నుంచి రాకెట్టు ఎగిరే రోజున బంగాళాఖాతం మీద కొంత ఆకాశం మూసేస్తారు. ఆ నోటీసు కూడా చూసుకోవాలి. అదే రాకెట్టు 2024 ఫిబ్రవరిలో ఇన్‌శాట్-3డీఎస్ వాతావరణ ఉపగ్రహాన్ని మోసుకుపోయింది, ఆ సంగతి వేరు.

2004 డిసెంబరు 26న సునామీ కార్ నికోబార్ వైమానిక స్థావరాన్ని తుడిచిపెట్టింది. జవాన్లు, కుటుంబాలు కలిపి వందమందికి పైగా పోయారు. రన్‌వేలో కొంత భాగం మిగిలింది. సహాయం ఆ మిగిలిన భాగం మీదే దిగింది. తర్వాత 2012లో క్యాంప్‌బెల్ బేలో ఐఎన్ఎస్ బాజ్, 2019లో ఉత్తరాన శిబ్‌పూర్‌లో ఐఎన్ఎస్ కొహస్సా కమిషన్ అయ్యాయి. పొట్టి రన్‌వేలే అయినా చిన్న విమానాలకు దీవుల్లోనే ఇంకో దిక్కు దొరికింది.

ఇక 2016 జూలై 22. ఉదయం ఎనిమిదిన్నరకు వాయుసేన ఏఎన్-32 కొరియర్ తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు 29 మందితో బయల్దేరింది. అందులో ఎనిమిది మంది విశాఖ నావల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. దారిలో ఉరుముల మేఘాలు ఉన్నాయి. 9 గంటల 12 నిమిషాలకు మద్రాసు రాడార్‌లో విమానం 23,000 అడుగుల నుంచి ఎడమకు తిరుగుతూ వేగంగా ఎత్తు కోల్పోవడం కనిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఓడలు, విమానాలు, జలాంతర్గామి వారాల తరబడి వెతికాయి. సెప్టెంబరులో అందరూ మరణించినట్టు భావిస్తున్నామని కుటుంబాలకు తెలిపారు.

నేను పైన రాసిన ఇంధనం లెక్క ఏదీ ఈ విమానానికి సంబంధించింది కాదు. అది దారిలో సుమారు ఐదో వంతే పోయింది, వెనక్కి రావడానికి ఇంధనం పుష్కలంగా ఉంటుంది. ప్రమాదానికి కారణం ఫలానా అని చెప్పే అధికారం నాకు లేదు. కానీ జూలై నెలలో ఆ సముద్రం మీద సీబీ మేఘం అంటే ఏమిటో ఆ దారిన పోయినవాళ్లకు తెలుసు. లోపల గాలి ఒకచోట నిలువునా పైకి లేస్తుంది, పక్కనే నిలువునా కిందికి దిగుతుంది. మేఘం తల ఏఎన్-32 ఎగిరే ఎత్తుకు రెట్టింపు ఎత్తున ఉంటుంది. పై నుంచి పోలేరు, చుట్టూ తిరిగి పోవాలి. ఎటు తిరగాలో బయల్దేరే ముందు కాగితం చెప్పలేదు, ఆ నిమిషాన ముక్కులోని రాడార్, కెప్టెన్ కన్ను చెప్పాలి.

ఏడున్నరేళ్ల తర్వాత జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ల మానవరహిత జలాంతర వాహనం మద్రాసు తీరానికి 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున, సముద్రపు నేల మీద విమాన శకలాలను ఫొటోలు తీసింది. అవి ఏఎన్-32వేనని, ఆ ప్రాంతంలో ఇంకే విమానమూ పోయిన దాఖలా లేదని 2024 జనవరి 12న రక్షణ శాఖ ప్రకటించింది. విశాఖలో ఆ ఎనిమిది ఇళ్లవాళ్లకు, విమానం ఎక్కడ ఉందో తెలిసింది ఆ రోజునే.