వాటాదారుడైన వారసుడు: ‘ఎమర్‌డేల్ ఫార్మ్’లో సేద్యపు వారసత్వం

తండ్రి పొలం ఎవరి చేతికి రావాలన్న ప్రశ్నను ఇతివృత్తంగా తీసుకున్న బ్రిటిష్ టెలివిజన్ ధారావాహికల్లో కెవిన్ లాఫన్ సృష్టించిన ‘ఎమర్‌డేల్ ఫార్మ్’ ముఖ్యమైనది. యార్క్‌షైర్ టెలివిజన్ నిర్మించిన ఈ ధారావాహిక 1972 అక్టోబరు 16న ప్రారంభమైంది. అప్పట్లో ఇది పగటిపూట ప్రసారం మాత్రమే.

రైతు జేకబ్ సగ్డెన్ అంత్యక్రియలతో కథ మొదలవుతుంది. చిన్నకొడుకు జో ఇంటిపట్టున ఉండి సేద్యం చేసినవాడు. పెద్దకొడుకు జాక్ తండ్రితో తగవుపడి ఏళ్ల కిందటే ఇల్లు విడిచి, నవలాకారుడైనవాడు. పొలం జాక్‌కు దక్కింది. కష్టం ఒకరిది, హక్కు మరొకరిది. జో పాత్రలో పల్లె అమాయకత్వం కన్న ఈ అన్యాయభావనే బలంగా కనిపిస్తుంది. యువరైతు చిత్రణలో లాఫన్ సాధించినది ఇదే. పొలాన్ని చీల్చక ఒక్కరికే అప్పగించే ఇంగ్లండు వాడుక దీనికి నేపథ్యం. కొడుకులకు భూమి పంచే తెలుగునాట తగవు రూపం వేరు: అందరికీ దక్కుతుంది, ఎవరికీ చాలదు.

పరిష్కారం కుటుంబం లోపల దొరకలేదు. విశ్రాంత వ్యాపారి హెన్రీ విల్క్స్ పెట్టుబడితో పొలం ‘ఎమర్‌డేల్ ఫార్మ్ లిమిటెడ్’ అనే కంపెనీ అయింది. జోకు వాటా వచ్చింది. అయితే వారసుడిగా కాదు, వాటాదారుడిగా. రక్తసంబంధం తీర్చలేని లెక్కను మూలధనం తీర్చిందన్నమాట.

1989లో ధారావాహిక పేరులోంచి ‘ఫార్మ్’ తొలగిపోయింది. 1993 డిసెంబరు 30న ఆ ఊరిపై విమానం కూలిన ఘట్టం ప్రసారమయ్యేనాటికి కథాకేంద్రం పొలం కాదు, ఊరు.