గ్రహణమొర్రి: లెక్కల చరిత్ర

నవజాత శిశువుల్లో గ్రహణమొర్రి ఎంతమందికి వస్తుందన్న ప్రశ్నకు తరచుగా వినిపించే జవాబు, సుమారు 700 కాన్పులకు ఒకరికి అని. ఈ సగటుతో సరిపెట్టుకోవడం పొరపాటు. పెదవి చీలిక చూడగానే తెలిసిపోతుంది. అంగిలి చీలిక అలా కాదు, బిడ్డ నోరు తెరిచి, నాలుక నొక్కి, టార్చిలైటు వేసి కొండనాలుక దాకా చూస్తేనే బయటపడుతుంది. అలా చూడని చోట అది లెక్కలోకే రాదు.

ఈ రెండింటినీ విడిగా లెక్కపెట్టాలన్న ఆలోచన డెన్మార్క్‌లో బలపడింది. అక్కడి శస్త్రవైద్యుడు పౌల్ ఫోగ్-ఆండర్సన్ 1942లో వెలువరించిన పరిశోధనలో రోగుల కుటుంబాలను పరిశీలించి, పెదవి చీలిక (అంగిలి కూడా చీలినా, చీలకపోయినా) వచ్చే వంశాలు వేరనీ, అంగిలి ఒక్కటే చీలే వంశాలు వేరనీ చూపాడు. పిండంలో పెదవి ముందు అతుక్కుంటుంది, అంగిలి ఆ తర్వాత కొన్ని వారాలకు మూసుకుంటుంది. పెదవి చీలిక మగపిల్లల్లో, ఎడమవైపున ఎక్కువ. అంగిలి ఒక్కటే చీలడం ఆడపిల్లల్లో ఎక్కువ. థాలిడోమైడ్ మందు తెచ్చిన విషాదం తర్వాత పుట్టుక లోపాలను నమోదు చేసే వ్యవస్థలు అనేక దేశాల్లో ఏర్పడ్డాయి. 30 దేశాల్లోని 54 నమోదు కేంద్రాల 2000–2005 నాటి వివరాలను కలిపి చూస్తే పెదవి చీలిక రేటు 10,000 జననాలకు 9.92గా తేలింది. అందులో పెదవి మాత్రమే చీలినవి 3.28, అంగిలితో కలిసినవి 6.64. అంగిలి ఒక్కటే చీలినవి ఈ అంకెలో లేవు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో కడప, మెదక్, కృష్ణా జిల్లాల్లో జరిగిన అధ్యయనంలో వెయ్యి సజీవ జననాలకు 1.09 చొప్పున మొర్రి కనిపించింది. మేనరికపు దంపతుల పిల్లల్లో ఎక్కువగా ఉందని కూడా అది చెప్పింది. గమనించవలసిన అంకె మరొకటుంది: అంగిలి ఒక్కటే చీలినవారు కేవలం 2 శాతం. పాశ్చాత్య దేశాల నమోదుల్లో ఈ వాటా నాలుగో వంతు, అంతకు పైగా కూడా ఉంటుంది. మన జన్యువుల్లోనే అంగిలి చీలిక తక్కువేమో అనవచ్చు. జాతుల మధ్య తేడాలు నిజమే, తూర్పు ఆసియాలో పెదవి చీలిక ఎక్కువ, ఆఫ్రికా మూలాలవారిలో తక్కువ. కానీ అంగిలి చీలిక ఒక్కదాని రేటు జాతిని బట్టి అంతగా మారదు. కాబట్టి ఇంత పెద్ద తేడాను జన్యువులకే వదిలేయడం కష్టం. చూడకపోవడం ఒక కారణం. చూసేలోపే బిడ్డ చనిపోవడం మరొకటి కావచ్చు. అంగిలి చీలిన పసికందు చప్పరించలేదు, పాలు ముక్కులోంచి వచ్చేస్తాయి, కడుపు నిండదు. పైపొర మూసుకుని లోపలి కండరం కలవని రకమైతే, పిల్లలు ముక్కుతో మాట్లాడటం మొదలుపెట్టాకే తెలుస్తుంది.

పెద్దాసుపత్రుల్లో కష్టమైన కాన్పులు ఎక్కువ కనుక వాటి అంకెలు అసలు కంటే ఎక్కువ చూపుతాయన్న అభ్యంతరమూ న్యాయమైనదే. అందుకే ఆసుపత్రి లెక్కతో కాక, ఒక ప్రాంతంలో పుట్టిన ప్రతి బిడ్డనూ లెక్కించాలి. గ్రహణం వేళ గర్భిణి బయటికొచ్చిందనో, కత్తి పట్టిందనో తల్లిని నిందించే చోట కుటుంబం బిడ్డను దాచుతుంది, లెక్క ఇంకా తగ్గుతుంది. ఆ నమ్మకమే లేని దేశాల్లోనూ మొర్రి పుడుతూనే ఉంది, తల్లి తప్పేమీ లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కాన్పు జరిగిన చోటే శిశువులను పరీక్షించాలంటోంది. ఆ పరీక్ష నోటి లోపలి దాకా వెళితే రాబోయే ఏళ్లలో అంగిలి చీలికల సంఖ్య పెరుగుతుంది. దాన్ని జబ్బు పెరిగినట్టుగా చదవకూడదు.