మానసిక రోగాల పద్దులు – ఒక లెక్కల చరిత్ర

గాలి సోకిందనీ, చేతబడి చేశారనీ మనిషిని భూతవైద్యుడి దగ్గరికి లాక్కెళ్ళేవాళ్ళకు మనం చెప్పే మాట ఒకటే. అది దయ్యం కాదు, రోగం, డాక్టరుకు చూపించండి అని. "మరి ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లు చెబుతున్నారేం?" అని వాళ్ళు ఎదురు ప్రశ్న వేస్తే మాత్రం మనలో చాలామంది నీళ్ళు నములుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. డాక్టర్లే దాన్ని తమకు తాము వేసుకున్నారు, లెక్కలు కట్టి మరీ.

షుగరుకు రక్తపరీక్ష ఉంది. స్కిజోఫ్రీనియాకు అలాంటిది ఇవాళ్టికీ లేదు. రోగి మాట, నడత, నిద్ర, భయాలు - ఇవే ఆధారం. ఉద్యోగకాలమంతా రక్షణశాఖ పద్దులు చూసినవాణ్ణి కనుక నాకిది వెంటనే అర్థమైంది. ఒకే బిల్లును ఇద్దరు గుమాస్తాలు రెండు పద్దుల కింద వేస్తే, లోపం బిల్లులో ఉండదు. ఏ పద్దులో ఏది రాయాలో సరిగ్గా చెప్పకపోవడంలో ఉంటుంది.

జర్మనీలో ఎమిల్ క్రెపెలిన్ ఒక్కో రోగికి ఒక్కో కార్డు రాసి, ఏళ్ళ తరబడి పోల్చి చూసి, 1899 నాటి తన పాఠ్యగ్రంథం ఆరో ముద్రణలో పెద్ద పిచ్చిని రెండు పద్దులుగా విడగొట్టాడు. తర్వాతి కాలంలో స్కిజోఫ్రీనియా అన్నది ఒకటి, మానిక్ డిప్రెషన్ రెండోది. 1933లో అమెరికాలో థామస్ వెర్నర్ మూర్ అనే మతాచార్యుడు (అవును, మతాచార్యుడే!) ఏ లక్షణం ఏ లక్షణంతో కలిసి వస్తుందో ఫాక్టర్ ఎనాలిసిస్ అనే గణిత పద్ధతితో గుంపులు కట్టాడు.

అసలు కథ 1960లలో మొదలైంది. అమెరికా ఆస్పత్రుల్లో స్కిజోఫ్రీనియా ఎక్కువ, ఇంగ్లండులో మానిక్ డిప్రెషన్ ఎక్కువ అని మోర్టన్ క్రామర్ అనే గణాంకవేత్త గమనించాడు. రోగులే వేరా, డాక్టర్లు వేరా? న్యూయార్కు, లండన్ ఆస్పత్రుల్లో చేరినవాళ్ళను ఒకే బృందం, ఒకే ప్రశ్నావళితో పరీక్షించింది. తేడా చాలామటుకు మాయమైపోయింది! రోగులు ఇంచుమించు ఒకటే, రాసే చేతులే వేరు. ఒక రోగి ఇంటర్వ్యూ వీడియోను రెండు దేశాల డాక్టర్లకూ చూపిస్తే అమెరికన్లలో 69 శాతం స్కిజోఫ్రీనియా అన్నారు, బ్రిటిష్ వాళ్ళలో అన్నది 2 శాతం. ఇది కాగితం మీది తగాదా కాదు. మానియాకు లిథియం వాడవచ్చని అమెరికా 1970లో అనుమతించింది. మానియా ఉన్న మనిషి కార్డు మీద స్కిజోఫ్రీనియా అని పడితే ఆ మందు అతని దాకా రాదు.

ఇద్దరు డాక్టర్లు ఎంత ఏకీభవిస్తున్నారో కొలవడానికి జేకబ్ కోహెన్ 1960లో 'కప్పా' అనే కొలత ఇచ్చాడు. మీరే వేసి చూడండి. ఇద్దరూ వందలో 80 మందికి డిప్రెషన్ అని గుడ్డిగా రాసేస్తే, కాకతాళీయంగానే 68 మంది విషయంలో ఏకీభవిస్తారు (64+4). నిజంగా 80 మంది విషయంలో ఏకీభవించారనుకోండి, మిగిలిన 32లో వాళ్ళ ప్రతిభ 12 మాత్రమే. అంటే కప్పా 0.375. జాతకాలు నిజమయ్యాయనేవాళ్ళకు కూడా ఈ తీసివేత నేర్పించాలి.

ఈ గొడవల తర్వాతే 1980లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తన మూడో మాన్యువల్లో లక్షణాల జాబితాలు పెట్టింది. అయినా తీరలేదు. పెద్ద డిప్రెషన్‌కు తొమ్మిదింటిలో అయిదు లక్షణాలుండాలి, అందులో దిగులో, నిరాసక్తతో ఒకటైనా ఉండాలి. లెక్క వేస్తే 227 రకాల కలయికలు వస్తాయి, అన్నిటికీ ఒకే పేరు! అయిదో మాన్యువల్ పరీక్షల్లో ఈ రోగానికి వచ్చిన కప్పా 0.28, 2013లో వాళ్ళే ప్రకటించారు. ఏ భూతవైద్యుడూ తన లెక్క ఇలా బయటపెట్టిన దాఖలా నాకు తెలియదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లో చేసిన అధ్యయనంలో మన ఆగ్రా కూడా ఉంది. 1973 నివేదిక ప్రకారం స్కిజోఫ్రీనియా అన్నిచోట్లా కనబడింది. రెండేళ్ళ తర్వాత చూస్తే ఆగ్రా, ఇబాదాన్ రోగులు ధనికదేశాల వాళ్ళకంటే మెరుగ్గా ఉన్నారు. ఎందుకన్నది ఇప్పటికీ వాదమే, మన సంస్కృతి గొప్పతనమని చంకలు గుద్దుకోనక్కరలేదు. ఆ అధ్యయనంలోనే ఇంకొకటి బయటపడింది. మాస్కో, వాషింగ్టన్ డాక్టర్ల పద్దు మిగతావాళ్ళకంటే వెడల్పు. మాస్కోలో ఆ వెడల్పులోకి ప్రభుత్వాన్ని విమర్శించినవాళ్ళు కూడా పట్టారు. దీనిమీద గొడవ ముదిరి 1983లో సోవియట్ సంఘం ప్రపంచ మానసికవైద్య సంఘం నుంచి తప్పుకుంది.

మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ చదవండి. రోగనిర్ధారణ దేశంలో గానీ అంతర్జాతీయంగా గానీ ఆమోదం పొందిన వైద్య ప్రమాణాల ప్రకారమే జరగాలి. తన చుట్టూ ఉన్న సమాజపు మత విశ్వాసాలను ఒప్పుకోలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగి అనకూడదని కూడా అందులోనే రాసి ఉంది.