నొప్పికి పదిహేను పేర్లు: ముస్లిం వైద్యులు వేదనను అర్థం చేసుకున్న తీరు

జ్వరాన్ని చేతితో తాకి తెలుసుకోవచ్చు. నాడిని వేలితో పట్టి లెక్కించవచ్చు. గాయాన్ని కంటితో చూడవచ్చు. కాని ఇతరుని నొప్పిని చూచినవాడు గాని, తాకినవాడు గాని లేడు. అది అనుభవించేవానికి తప్ప అన్యులకు అందనిది. రోగి నోట వెలువడే మాటే ఈ విషయంలో వైద్యునికి ప్రధానమైన ఆధారం. ఆ మాట వెలువడకపోయినా, వెలువడిన మాటను వైద్యుడు సరిగా గ్రహించకపోయినా చికిత్స దారి తప్పుతుంది. కనుక నొప్పిని వర్ణించే మాటల చరిత్ర వైద్య చరిత్రలో అప్రధానమైన అధ్యాయం కాదు. ఆ అధ్యాయంలో ముస్లిం వైద్యులకు గల స్థానాన్ని ఈ వ్యాసంలో సంక్షిప్తంగా పరిశీలిద్దాం.

ఈ చర్చకు మూలం గ్రీకు వైద్యంలో ఉన్నది. క్రీ.శ. రెండవ శతాబ్దిలో జీవించిన గేలెన్‌ను మన గ్రంథకర్తలు జాలీనూస్ అని వ్యవహరించారు. ఆయనకు ముందు ఆర్కిజెనీస్ అనే వైద్యుడు నొప్పులకు పెక్కు పేర్లు పెట్టాడు. ఆ పేర్లలో చాలా వాటికి స్పష్టమైన అర్థం లేదని, రోగులెవరూ అటువంటి మాటలు వాడరని జాలీనూస్ ఆక్షేపించాడు. నొప్పికి పెట్టే పేరు అందరికీ తెలిసిన అనుభవం నుండి రావాలన్నది ఆయన వాదం. ఒకసారి తనకే కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినప్పుడు, బరమాతో తొలుస్తున్నట్లు ఉన్నదని ఆయన వ్రాసుకున్నాడు. ఈ పోలికను పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీని అవసరం కలుగుతుంది.

తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదు నగరంలో హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్, ఆయన శిష్యబృందం జాలీనూస్ గ్రంథాలను సిరియాక్, అరబీ భాషలలోకి తెచ్చారు. హునైన్ నస్తూరీ క్రైస్తవుడు. అబ్బాసీ పాలకుల ఆదరణలో ఆయన చేసిన ఈ సేవ వల్ల ముస్లిం వైద్యుల చేతికి గ్రీకుల జ్ఞానమే గాక, దానిని పరీక్షించి విమర్శించడానికి తగిన పరిభాష కూడా వచ్చింది.

ఆ పరిభాషను రోగి మంచం వద్దకు తెచ్చినవారిలో అగ్రగణ్యుడు ముహమ్మద్ ఇబ్నె జకరియ్యా రాజీ. క్రీ.శ. 925 ప్రాంతంలో మరణించిన ఈ మహావైద్యుని రాతప్రతులను ఆయన తదనంతరం శిష్యులు ‘అల్ హావీ’ అనే బృహద్గ్రంథంగా కూర్చారు. దీని అరబీ మూలాన్ని 1955 నుండి సంపుటాలుగా అచ్చువేసిన సంస్థ మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫిల్ ఉస్మానియా కావడం తెలుగునాటి ముస్లింలు గర్వించదగిన విషయం.

ఆ గ్రంథంలో అబ్దుల్లా ఇబ్నె సవాదా అనే రోగి వృత్తాంతం ఉన్నది. అతనికి జ్వరం ఒకప్పుడు రోజూ, ఒకప్పుడు దినం విడిచి దినం, ఒకప్పుడు ఆరు రోజులకొకసారి వచ్చేది. ముందు కొద్దిగా వణుకు పుట్టేది. మాటిమాటికి మూత్రానికి పోవలసి వచ్చేది. ఇది నాలుగవనాటి జ్వరంగా మారవచ్చు, లేదా మూత్రపిండంలో పుండు ఉండవచ్చునని రాజీ అభిప్రాయపడ్డాడు, కాని తేల్చి చెప్పలేదు. కొద్దికాలానికే రోగి మూత్రంలో చీము పడింది. అప్పుడు రాజీ తన పొరపాటును తానే వ్రాసిపెట్టాడు. నిలబడినప్పుడు నడుము నుండి ఏదో బరువు వ్రేలాడుతున్నట్లు ఉన్నదని రోగి తనతో చెప్పలేదట. తాను కూడా ఆ ప్రశ్న అడగడం మరచాడట. రోగి చెప్పలేదన్న కారణం చూపి ఆయన తప్పించుకోలేదు. అడగవలసిన బాధ్యతను తన మీదనే వేసుకున్నాడు. వెయ్యేండ్లు దాటిన తరువాత కూడా ఈ నిజాయితీ మనలను ఆకట్టుకుంటుంది.

రాజీ అడగడం మరచిన ఆ ‘బరువు’కు శాస్త్రంలో స్థిరమైన చోటు కల్పించినవాడు షేఖుర్రయీస్ బూ అలీ ఇబ్నె సీనా (980–1037). ఆయన తన ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్బ్’ మొదటి గ్రంథంలో ప్రతికూలమైన దానిని ఇంద్రియం గ్రహించడమే నొప్పి అని నిర్వచించాడు. అవయవపు అఖండత తెగిపోవడమే నొప్పికి కారణమన్న జాలీనూస్ మాటతో ఆయన పూర్తిగా ఏకీభవించలేదు. మిజాజు, అనగా శరీర ప్రకృతి, హఠాత్తుగా విషమించినా నొప్పి కలుగుతుందని వాదించాడు. ఆ విషమత్వం నెమ్మదిగా శరీరమంతటా స్థిరపడిపోతే మాత్రం బాధ తెలియదట. ఇందుకు ఆయన చూపిన నిదర్శనం తపేదిఖ్. ఆ జ్వరంలో వేడి ఎక్కువగానే ఉన్నా, దినం విడిచి దినం వచ్చే జ్వరంలో వలె రోగికి ఆ తాపం తెలియదు. దీనివల్ల ఒక ముఖ్య సూత్రం తేలుతున్నది. నొప్పి తక్కువగా ఉన్నంత మాత్రాన రోగం తక్కువని అనుకోరాదు.

తరువాత ఆయన నొప్పులను పదిహేను విధాలుగా లెక్కించాడు. వాటిని మన మాటలలో ఇలా చెప్పవచ్చు. హక్కాక్ దురద పెట్టేది. ఖషిన్ గరుకుగా గీరేది. నాఖిస్ గుచ్చే పోటు. జాగిత్ అదిమిపెట్టేది. ముమద్దిద్ రెండు వైపులా గుంజేది. ముఫస్సిఖ్ కండను విడదీసేది. ముకస్సిర్ ఎముకలు విరిచేది. రిఖ్వ్ మెత్తనిది. సాఖిబ్ తొలిచేది. మిసల్లీ దబ్బనంతో పొడిచేది. ఖదిర్ తిమ్మిరితో కూడినది. జరబానీ సలుపు. సఖీల్ బరువు. ఇఅయాయీ అలసట నొప్పి. లాజిఅ చురుకైన మంట.

ఇది కేవలం పేర్ల పట్టిక అనుకుంటే పొరపాటు. ప్రతి పేరు వెనుక ఒక చోటు, ఒక కారణం సూచించబడ్డాయి. సలుపు ఉంటే నాడీధమనుల సమీపంలో వేడి వాపు ఉన్నట్లు గ్రహించాలి. బరువు ఉంటే ఊపిరితిత్తి, మూత్రపిండం, ప్లీహం వంటి స్పర్శజ్ఞానం తక్కువగా గల అవయవంలో వాపు ఉన్నదని అనుమానించాలి. విరిచినట్లుంటే ఎముకకు, దానిపై పొరకు మధ్య బాధ ఉన్నది. తొలిచినట్లుంటే పెద్దప్రేగు వంటి దళసరి అవయవపు పొరల మధ్య వాయువో, చిక్కని ద్రవమో బంధించబడి ఉన్నది. ఈ కారణాలలో చాలా భాగం నాటి దోషసిద్ధాంతానికి చెందినవి గనుక నేటి శాస్త్రం వాటిని అంగీకరించదు. కాని నొప్పి గుణాన్ని బట్టి రోగస్థానాన్ని అన్వేషించే పద్ధతిని నేటి వైద్యులు కూడా అనుసరిస్తూనే ఉన్నారు.

జాలీనూస్ తన కడుపునొప్పికి ఇచ్చిన బరమా పోలికే ఇబ్నె సీనా పట్టికలో సాఖిబ్‌గా నిలిచింది. విధి విచిత్రమేమంటే, ఆ ప్రేగునొప్పియే, అనగా ఖులంజ్, ఇబ్నె సీనాను బలిగొన్నది. ఆయన ఒకే రోజున ఎనిమిది సార్లు వస్తి చికిత్స చేసుకున్నాడని శిష్యుడు జూజ్‌జానీ వ్రాశాడు. చివరకు హిజ్రీ 428లో హమదానులో ఆయన కన్నుమూశాడు. నొప్పికి పేరు తెలిసినంత మాత్రాన దాని నుండి విముక్తి లభించదు. ఉపశమనం కొరకు ఆయన నల్లమందు వంటి మత్తు ద్రవ్యాలను పేర్కొని, వాటి హానిని గురించి కూడా హెచ్చరించాడు. మెల్లగా నడవడం, మధురగానం, మనస్సుకు ఉల్లాసం కలిగించే వ్యాపకం కూడా నొప్పిని తగ్గిస్తాయని చేర్చాడు.

ఈ పదిహేను పేర్లను తెలుగు చేయబోయినప్పుడు నేను మొదట నిఘంటువును ఆశ్రయించాను. ‘జరబానీ’కి ‘కొట్టుకొను నొప్పి’ అని వ్రాశాను. అది చదివిన ఒక వృద్ధ హకీము సాహెబు నవ్వి, “రోగులెవరైనా మీతో అలా అన్నారా? సలుపు అనే మాట మీకు తెలియదా?” అని అడిగారు. జాలీనూస్ ఆర్కిజెనీస్‌పై చేసిన ఆక్షేపణ ఆ విధంగా నా మీద కూడా పడింది. మిసల్లా అంటే పెద్ద సూది. గోనెసంచులు కుట్టే మన దబ్బనానికి మించిన అనువాదం దానికి లేదు. తీపులు, పోట్లు, గుంజుడు, తిమ్మిరి, చురుకు, మెలిపెట్టడం వంటి మాటలు మన ఇళ్ళలో ఎన్నో ఉన్నాయి.

మాటలు ఉన్నా అవి బయటికి రాకపోవచ్చు. ఆ అనువాదం చేస్తున్న రోజులలోనే మా అమ్మీకి కడుపునొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చాము. సున్నా నుండి పది వరకు మీ నొప్పి ఎంత అని రోజూ అడిగేవారు. ఆమె ప్రతిసారి “అల్‌హందులిల్లాహ్, ఫరవాలేదు” అనేది. ఒకసారి మరీ అడిగితే “రెండు” అన్నది. నాలుగవనాడు ప్రక్కమంచం ఆమెతో మాటలలో, కుడి డొక్కలో దబ్బనంతో కుట్టినట్లున్నదని, అది వీపులోకి పోతున్నదని చెప్పింది. ఆ మాట మా ఖాలా చెవిన పడింది. ఖాలా వైద్యునికి చెప్పింది. పిత్తాశయానికి శస్త్రచికిత్స జరిగి, అల్లాహ్ దయ వల్ల అమ్మీ కోలుకున్నది. పదిహేను రకాల నొప్పులను కాగితంపై పెట్టుకొని కూర్చున్న నేను మాత్రం ఆమెను ఒక్కసారి కూడా “ఎలా ఉన్నది?” అని అడగలేదు. “ఎంత?” అని అడిగినవారి ప్రక్కన నిలబడి ఉండిపోయాను. రాజీ వృత్తాంతం నాకు నిజంగా అర్థమైనది ఆనాడే.

నొప్పిని చెప్పుకోవడం సబ్రుకు విరుద్ధమని మన ఇళ్ళలో చాలామంది భావిస్తారు. కాని ఇమాం బుఖారీ తమ హదీసు సంకలనంలో, రోగి తన బాధను చెప్పుకోవడానికి గల అనుమతిని గురించి ఒక ప్రత్యేక అధ్యాయమే ఏర్పరచి, అందులో హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) మొరను కూడా ప్రస్తావించారు. తీవ్ర జ్వరంతో ఉన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)ను హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) పరామర్శించినప్పుడు, మీలో ఇద్దరు మనుషులకు కలిగేటంత తాపం నాకు కలుగుతున్నదని ఆయన తెలిపారు. బాధను దాచలేదు, దాని పరిమాణాన్ని కూడా తెలియజేశారు. దైవ నిర్ణయంపై ఫిర్యాదు వేరు, వైద్యునికి చెప్పవలసిన నిజం వేరు. మొదటిది వారించబడింది. రెండవది చికిత్సలో ఒక భాగం.

పన్నెండవ శతాబ్దిలో తొలేదోలో క్రెమోనా జెరార్డు ఖానూన్‌ను లాటిన్‌లోకి అనువదించగా, అది ఐరోపాలో కొన్ని శతాబ్దాలపాటు పాఠ్యగ్రంథంగా ఉన్నది. 1975లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ మెల్జాక్ 78 మాటలను 20 వర్గాలుగా చేసి ఒక ప్రశ్నావళిని ప్రచురించాడు. సలుపు, తొలుపు, పోటు, బరువు, తిమ్మిరి, దురద, ఈ మాటలన్నీ అందులో కూడా ఉన్నాయి. ఆ ప్రశ్నావళి ఖానూన్ నుండి పుట్టిందని చెప్పడానికి ఆధారం లేదు. అటువంటి అతిశయోక్తి వల్ల మనకు గౌరవం పెరగదు. మానవ శరీరం ఒక్కటే గనుక మాటలు కలిశాయని అనుకోవడమే న్యాయం. నొప్పిపై పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం 1979లో ఇచ్చిన తన నిర్వచనాన్ని 2020లో సవరిస్తూ, బాధ కలదని చెప్పేవాని మాటను గౌరవించాలని, చెప్పలేనంత మాత్రాన బాధ లేదని భావించరాదని స్పష్టం చేసింది.

సున్నా నుండి పది వరకు గల అంకె వ్యర్థమని నా అభిప్రాయం కాదు. మందు వేసిన తరువాత నొప్పి తగ్గిందా, పెరిగిందా అని తెలుసుకోవడానికి అది సులభసాధనం. కాని అంకె నొప్పి ఎంత ఉన్నదో చెబుతుంది, ఎటువంటిదో చెప్పదు. అందుకు మాట కావాలి, ఆ మాటను అడిగేవారు కావాలి. ఇంట్లో రోగి ఉన్న పాఠకులు ఈ రోజే ఆ మంచం దగ్గర కూర్చొని, “ఎక్కడ? ఎలా ఉన్నది? గుంజుతున్నదా, సలుపుతున్నదా, గుచ్చుతున్నదా?” అని అడిగి, విన్న మాటను మార్చకుండా వైద్యునికి చేరవేస్తే రాజీ మరచిన ప్రశ్నను మనం మరువనివారమవుతాము. వల్లాహు ఆలం.