సెయింట్ మేరీ చర్చి, మచిలీపట్టణము

కృష్ణాజిల్లాలో బందరనబడు మచిలీపట్టణమున మేజర్ జనరల్ జాన్ పేటర్ అను ఆంగ్లేయ సైనికాధికారి కట్టించిన క్రైస్తవ దేవాలయము. డచ్చివారును, వారి వెనుక 1611లో ఆంగ్లేయులును వర్తకస్థానములు నెలకొల్పిన ఈ రేవున క్రైస్తవము ఈ చర్చికి ముందే కాలూనినదనుటకు, పట్టణముననున్న డచ్చివారి సమాధులపై చెక్కిన వంశచిహ్నములే సాక్ష్యము.

చల్లపల్లి, అవనిగడ్డ, గుడివాడ ప్రాంతములనుండి ఈ చర్చి చూడవచ్చువారిలో పెక్కుమంది ప్రార్థనకై గాక, 1809 నవంబరు 6వ తేదీన మరణించిన ఆరబెల్లా రాబిన్సన్ అను యువతి సమాధిని చూచుటకే వత్తురు. పేటర్ ఆమెను గాఢముగా ప్రేమించెననియు, మతశాఖాభేదముచేత ఆమెకు శ్మశానమున చోటు దొరకకపోగా తానే స్థలము సంపాదించి, సమాధి చేయించి, దానిపై దేవాలయము నిర్మించెననియు జనశ్రుతి. శవమునకు లేపనములు పూసి అద్దపుపెట్టెలో నుంచిరనియు, ఒక యంత్రమును త్రిప్పినంతనే అది లేచి కూర్చుండెడిదనియు చెప్పు కథ మాత్రము వినుటకు ఇంపైనదే గాని, చరిత్రగా గ్రహింపదగినది కాదు.

ఈ కథ మఱుగున పడవేసినది మఱియొకటి కలదు. 1841లో బందరు చేరిన క్రైస్తవ మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన ఆంగ్ల పాఠశాలనుండి, 1852లో అగ్రవర్ణ విద్యార్థులిరువురు బాప్తిస్మము పొందగా పట్టణమంతయు అట్టుడికినట్లుడికెను. ఆంధ్రదేశ క్రైస్తవ చరిత్రలో ఇది పేటర్ ప్రణయముకంటె ఎన్నియో రెట్లు ప్రధానమైన ఘట్టము. అయినను యాత్రికునకు దానిని చెప్పువారు అరుదు. నోబుల్ బందరుననుండగనే, 1864 నవంబరు 1న ఈ పట్టణముపై విరుచుకుపడిన ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన బెట్టుకొన్నది. మఱు సంవత్సరమే నోబుల్ బందరులోనే కన్నుమూసెను.

ఇందరు చూడవచ్చినను బందరు చర్చి తీర్థము కాదు; తీర్థమను మాటకు తగినది ఈ ప్రాంతీయులకు బెజవాడ గుణదల కొండ. అచ్చట 1924లో ఫాదర్ అర్లాటి మరియమాత విగ్రహమును ప్రతిష్ఠించెను. ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో మతభేదము లేక జనులు కొండ యెక్కుదురు, తలనీలాలిత్తురు. బందరు చర్చికి అట్టి తిరునాళ్లు లేవు, మ్రొక్కుబడులు లేవు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమునకు చెందిన ఈ దేవాలయమున ఆదివారపు ఆరాధనలు మాత్రము యథావిధిగా జరుగుచున్నవి.